బోడికొండ మీది జిల్లేడు

చెన్నకేశులు కొండ దిగి వచ్చేసరికి అతనికి మాట సరిగా పెగల్లేదు. ఎనిమిది నెలలుగా ఎవరితోనూ మాట్లాడలేదు మరి.

ఓబుళమ్మవ్వ దగ్గర పదకొండుమంది శిష్యులు. పదిమందీ ఏటిగట్టున చింతతోపులో ఆమె చుట్టూనే ఉండేవారు. చెన్నకేశుల్ని మాత్రం, వచ్చి చేరిన రెండో ఏట ఆమె బోడికొండ మీదికి పంపింది. "పైన గుహ ఉంది. పోయి ఆడ ఉండు" అంది. ఎందుకో చెప్పలేదు. ఎన్నాళ్ళో చెప్పలేదు.

కొండ మీద చెట్టు నీడన్నది లేదు. రాయి, ఎండ, గాలి, గుహ పక్క దొనలో కాసిని నీళ్ళు. పదిరోజులకోసారి ఎవరో కొండ మొదట్లో జొన్నపిండి మూట పెట్టి పోయేవారు. అతను దిగేసరికి మనిషి ఉండేవాడు కాదు. సాయంకాలం పూట కింద తోపులో తత్వాలు పాడే గొంతులు గాలివాటున లీలగా వినబడేవి. ఏ గొంతు ఎవరిదో పోల్చుకుంటూ కూర్చునేవాడు. తన గొంతు లేని లోటు ఆ పాటలో ఎవరికైనా తెలుస్తోందా అని చెవి ఒగ్గేవాడు. పాట ఎప్పటిలాగే సాగిపోయేది.

చివరికి ఒక పొద్దున దిగి వచ్చేశాడు. ఒక్క మాట అడిగి ఊరికి వెళ్ళిపోదామనుకున్నాడు.

"నేను చేసిన తప్పేమి అవ్వా?"

చింతపండు గింజలు తీస్తున్న అవ్వ చేతులు ఆగాయి. అతని మొహం కేసి చూసింది.

"నీ గుహ కాడ ఏమన్నా మొలిచిందా నాయనా?"

"ఒక జిల్లేడు."

"దాని ఆకొకటి తెచ్చిపెట్టు."

ఇంత దూరం దిగింది దీనికా అనిపించింది. అయినా ఎక్కాడు. ఆకు తుంచుకుని మళ్ళీ దిగేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

అవ్వ కర్ర పట్టుకుని లేచి అతన్ని తోపు చివరికి తీసుకుపోయింది. పోయిన వారం గాలివానకు అక్కడొక పెద్ద చింత కూలింది. దాని నీడన పెరిగిన జిల్లేళ్ళ మీద ఇప్పుడు నేరుగా ఎండ పడుతోంది. ఆకులు మచ్చలు తేలి, అంచులు మాడి వేలాడుతున్నాయి.

అవ్వ వాటిలో మాడని ఆకు ఒకటి వెతికి తుంచింది. పల్చగా, నిగనిగా పచ్చగా ఉంది. అతను తెచ్చినది మందంగా, బూడిద పూసినట్టు తెల్లగా ఉంది. చెంబులో నీళ్ళు రెండిటి మీదా చిలకరించింది. తోపు ఆకు మీద నీళ్ళు పరుచుకుని అంటుకున్నాయి. కొండ ఆకు మీద పూసల్లా నిలిచి, దొర్లి, నేల రాలాయి.

చెన్నకేశులు బొటనవేలితో ఆ ఆకును రుద్దాడు. తెల్లటి మైనం వేలికంటింది.

"ఇది ఎండ పూసిందా అవ్వా?"

"ఎండ పూయదు నాయనా. ఎండ కాస్తుంది, అంతే. ఆకే తనలోంచి తీసి పూసుకుంటుంది."

అతను వేలి కొనను చూస్తూ నిలబడ్డాడు. అడగాలనుకున్నది ఒకటి, నోటివెంట వచ్చింది ఇంకొకటి.

"ఆడ శానా ఒంటరిగా ఉంటాది అవ్వా."

"నాకూ ఉన్నింది" అంది అవ్వ. "పదేండ్లు."

తోపులో పదిమందీ అన్నానికి కూర్చుంటున్నారు. ఎవరో ఏదో అన్నట్టున్నారు, అందరూ నవ్వారు. అవ్వ అటు చూసింది. కూలిన చింత మొద్దు మీద మెల్లగా కూలబడి ఆయాసం తీర్చుకుంది.

"ఎనభై దాటినాయి నాకు, కేశులూ" అంది.

చెన్నకేశులు ఆమె కూర్చున్న చింత మొద్దు కేసి, మాడిన జిల్లేళ్ళ కేసి, తోపులో నవ్వుతున్న పదిమంది కేసి చూశాడు.

ఆ పూట చెన్నకేశులు వాళ్ళ పంక్తిలోనే కూర్చుని తిన్నాడు. పెట్టినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ చాలా నెమ్మదిగా తిన్నాడు. పొద్దు వాలకముందే లేచి, ఈసారి పిండిమూట తానే భుజాన వేసుకుని కొండదారి పట్టాడు. అతన్ని పొమ్మని ఎవరూ అనలేదు.