గోడ మీది గీత

బాలనర్సు భుజం దెబ్బతిని అప్పటికి ఇరవై రోజులు.

తప్పు తనదేనని అతనికి తెలుసు. ఆ రోజు కుస్తీ నేర్చుకునే తాలీముకు ఆలస్యంగా వచ్చాడు. గోదాలో మట్టి తవ్వి మెత్తబరచలేదు. దండీలు తీయలేదు. ఒళ్లు వేడెక్కకుండానే తనకంటే పదిహేను కిలోలు ఎక్కువున్నవాడితో కుస్తీకి దిగాడు. చూడటానికి నలుగురు కొత్తవాళ్లు వచ్చారు మరి. కిందపడ్డప్పుడు కుడిచెయ్యి ఒంటికింద మడతపడింది.

ఎముక విరగలేదు గానీ భుజంలో కండ చీలిందన్నారు ఆసుపత్రిలో. ఫిజియోథెరపీ డాక్టరమ్మ వ్యాయామాలు నేర్పి పంపింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి నడిపించడం అందులో మొదటిది. నొప్పి మొదలైన చోట ఆగిపోవాలి. మూడు నెలలదాకా కుస్తీ ఊసెత్తకూడదు.

పోటీలకేమో నెల రోజులే ఉంది.

తాలీము నడిపే ఖాదర్ ఉస్తాద్‌కు అరవై దాటాయి. రోజూ పొద్దున్నే బాలనర్సును సున్నం కొట్టిన గోడ దగ్గర నిలబెట్టేవాడు. నొప్పి లేకుండా వేళ్లు ఎక్కడిదాకా పోతే అక్కడ బొగ్గుతో గీత గీసేవాడు. రెండు మూడు రోజులకోసారి గీత వేలెడంత పైకి జరిగేది. వెనకాల తోటివాళ్లు వందలకొద్దీ దండీలు తీస్తుంటే, తను గోడ తడుముతూ నిలబడాల్సి రావడం బాలనర్సుకు తలకొట్టేసినట్టుండేది.

"గింత మెల్లగైతే ఎట్ల ఉస్తాద్? పోటీలకు అందుకుంటనా?"

"రేపు చూద్దాం బేటా" అనేవాడు ఉస్తాద్.

ఒక శుక్రవారం ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. బాలనర్సు గోదా గట్టు మీంచి లేచి, మట్టి అంటిన చేతులతోనే గోడ దగ్గరికి నడిచాడు. పళ్లు బిగించి చేతిని గీత దాటించాడు. ఇంకా పైకి, జానెడు పైకి లాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లోలోపల సంతోషపడ్డాడు.

సాయంత్రం చొక్కా తొడుక్కోబోతే చెయ్యి లేవలేదు.

మర్నాడు ఉస్తాద్ గోడకేసి చూశాడు. తెల్లటి సున్నం మీద, గీతకు పైన, ఎర్రమట్టి వేలిముద్రలు వరసగా ఉన్నాయి. బాలనర్సు తల వంచుకున్నాడు. తిట్లు పడతాయనుకున్నాడు.

ఉస్తాద్ గోదా వైపు నడిచాడు. వంగి గోదాలో మట్టిని కుడిచేతి వేళ్లకు అద్దుకున్నాడు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను పైకి నడిపించాడు. పొట్ట దాటాయి. ఛాతీ దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. ఉస్తాద్ మునివేళ్ల మీద లేచాడు, భుజం ఎగరేశాడు. చెయ్యి మాత్రం ఇక కదల్లేదు.

బాలనర్సు ఆయన చేతినే చూశాడు. ఆరేళ్లుగా ఈ మనిషి దగ్గర ఉన్నాడు. ఆయన తలపాగా ఎడమచేత్తో సర్దుకుంటే అలవాటనుకున్నాడు.

"ఎప్పటిసంది ఉస్తాద్?"

"నీ అంత ఉన్నప్పటిసంది."

"ఎవరు పడేసిండ్రు?"

ఉస్తాద్ చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"పడేసినోడి దెబ్బ రెండు నెలలకే మానింది బేటా. ఆనక తొందరపడి నేను చేసుకున్నదే మానలే."

బాలనర్సు తడిగుడ్డ తెచ్చి తన వేలిముద్రలు తుడిచాడు. ఉస్తాద్‌వి తుడవబోయి ఆగాడు. తర్వాత గోడ ముందు నిలబడి వేళ్లను నడిపించడం మొదలుపెట్టాడు. పాత గీతకు నాలుగు వేళ్ల కిందే ఆగిపోయాడు.

"ఈడనే మొదలైంది ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్ బొగ్గుముక్క అతని ఎడమచేతిలో పెట్టాడు.

"ఇగ నువ్వే గీసుకో."