రోజుకి ఆరు జువ్విపళ్ళు

మూడు వందల నలభై ఎండు జువ్విపళ్ళు. సత్తిపండు అనే కుర్ర ఉడత సొంత వ్యాపారం మొదలుపెట్టిన రోజున వాడి దగ్గర ఉన్నది అంతే. ఆ అడవిలో ఏది కొనాలన్నా, ఏది అమ్మాలన్నా ఎండు జువ్విపండుతోనే బేరం.

తోటి ఉడతలు ఆ మాత్రం కూడబెడితే వానాకాలమంతా కాళ్ళు చాపుకుని తినేవి. సత్తిపండు మాత్రం వడ్రంగిపిట్ట అప్పలస్వామి దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన మద్దిచెట్టుకి కొత్తగా ఓ తొర్ర తొలిచి ఉన్నాడు.

"ఎంతకిస్తావ్ బాబాయ్?"

"మూడు వందల యాభై. నువ్వుంటావా?"

"నేనెందుకుంటాను, అద్దెకిస్తాను. మూడు వందలు చేసుకో."

"పాలపళ్ళు ఊడకుండానే ఆసామివైపోతున్నావే," అని నవ్వి ముసలాయన మూడు వందలకే ఒప్పుకున్నాడు.

మూడోనాటికే అద్దెకు ఓ జంట వచ్చింది. పోలయ్య, నూకాలు. ముక్కు మీద కొమ్ముండే పెద్ద పిట్టలు. వాళ్ళలో ఒక పద్ధతుంది. గుడ్లు పెట్టే వేళకి ఆడపిట్ట తొర్రలో దూరి, ద్వారాన్ని లోపలినుంచే మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. ఈకలన్నీ రాల్చుకుని, పిల్లలు పెరిగేదాకా మూడు నెలలు కదలదు. మొగుడు బయట తిరిగి ఆ సందులోంచి తిండి అందిస్తాడు.

ఇది వినగానే సత్తిపండు బుర్రలో లెక్క గిర్రున తిరిగింది. తొంభై రోజులు మధ్యలో ఖాళీ చెయ్యలేని అద్దెదారు. రోజుకి ఆరు పళ్ళు చొప్పున ఐదు వందల నలభై. యాభై రోజులకి అసలు చేతికొస్తుంది.

"రెండు షరతులు పోలయ్యన్నా," అన్నాడు. "రోజూ నువ్వు తెచ్చేవాటిలో మొదటి ఆరు నావి. ఒక్కరోజు ఆగినా గోడ కొట్టించి ఖాళీ చేయిస్తాను."

రెండోది వాడు నిజంగా చెయ్యాలని పెట్టింది కాదు. అలా అంటే గట్టి ఆసామిలా ఉంటుందని అన్నాడు. పోలయ్య మాత్రం పెళ్ళాం వంక ఒకసారి చూసి, "అలాగే బాబూ," అన్నాడు.

మొదట్లో అంతా సవ్యంగా సాగింది. పోలయ్య రోజుకి నలభై పళ్ళు తెచ్చేవాడు. ఆరు కొమ్మ మీద పెట్టి, మిగతావి సందులోంచి ఒక్కొక్కటే అందించేవాడు. లోపల నూకాలు వేళాకోళాలాడేది. "ఆసామి గారూ, మీ ఇంట్లో గాలి కూడా అద్దెకేనా?" అనేది. కొన్నాళ్ళకి రెండు పసి గొంతులు కూడా వినిపించాయి. సత్తిపండు పళ్ళు ఎండబెట్టుకుంటూ, రెండో తొర్ర ఏ చెట్టుకైతే బావుంటుందా అని చూస్తుండేవాడు.

ఎండలు ముదిరాయి. వడగాలికి జువ్విచెట్లు పిందె రాల్చేశాయి. పోలయ్య తెల్లారగానే వెళ్ళి పొద్దు వాలాక వస్తున్నాడు. రెక్కల అంచులు చిరిగిపోయాయి. అయినా కొమ్మ మీద ఆరు పళ్ళు తప్పడం లేదు.

ఒకరోజు అప్పలస్వామి అటుగా వచ్చాడు. "ఒరే, లోపల మాటా పలుకూ వినిపించడం లేదేంట్రా? ఓసారి పలకరించకపోయావా?"

"అద్దె రోజు తప్పకుండా వస్తోంది బాబాయ్. బాగోకపోతే ఎలా వస్తుంది?"

ముసలాయన రెక్కలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అరవై ఆరో రోజున సత్తిపండు పక్కకొమ్మ మీదే ఉన్నాడు. పోలయ్య వచ్చి వాలాడు. ఆరు పళ్ళు వరసగా పెట్టాడు. తర్వాత గొంతులోంచి ఇంకొక్కటి తీసి సందులో పెట్టాడు. అంతే, ముక్కు మూసేశాడు.

"మిగతావేవి అన్నా?"

"ఏడే దొరికాయి బాబూ."

"ఎన్నాళ్ళుగా ఏడు?"

"ఇరవై రోజులుగా. ఒక్కోనాడు ఎనిమిది."

రోజుకి ఆరు, ఇరవై రోజులు. నూట ఇరవై. అంత తేలికైన లెక్క చెయ్యడానికి వాడికి ఎప్పుడూ అంతసేపు పట్టలేదు.

"మరి నాతో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అది ఈకల్లేకుండా కూర్చునుంది. గోడ పడితే ఎగరలేదు. పిల్లల్ని గెద్ద ఎత్తుకుపోతుంది. ఆకలి సంగతి ఇంకో పూట చూడొచ్చు అనుకున్నాను."

"నేను కొట్టించేవాణ్ణి కాదు అన్నా."

"అది నాకు తెలీదు కదా బాబూ."

ఆ మాట లోపలికి వినిపించిందేమో, లోపలినుంచి గోడని ముక్కుతో పొడుస్తున్న చప్పుడయింది. మట్టి పెళ్ళలు రాలాయి. చాలాసేపటికి నూకాలు బయటికొచ్చింది. సగం సగం మొలిచిన ఈకల కింద ఎముకలు కనిపిస్తున్నాయి. వెనకే ఒక పిల్ల వచ్చింది. సత్తిపండు రెండో పిల్ల కోసం ఎదురుచూశాడు.

"చిన్నది నిన్నటి నుంచి నోరు తెరవలేదు," అంది నూకాలు. వేళాకోళాలాడిన గొంతేనా అది అనిపించింది.

సత్తిపండు ఆరు పళ్ళూ వాళ్ళ వైపు తోశాడు. పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "ఈ పూటదాకా ఉన్నాం. అద్దె అద్దే." పెళ్ళాన్నీ పిల్లనీ కొమ్మ కొమ్మకీ దాటించుకుంటూ, వాగు అవతలి చెట్ల వైపు మెల్లగా వెళ్ళిపోయాడు.

మర్నాడు అప్పలస్వామి వచ్చాడు. జరిగింది అప్పటికే ఎవరో చెప్పారు. తొర్రలోకి తొంగిచూసి, "ఇంకో తొర్ర సిద్ధం చేశాన్రా. నాలుగు వందలు," అన్నాడు.

"నా దగ్గర నాలుగు వందల ముప్ఫై ఆరున్నాయి బాబాయ్."

"అయితే కొంటావా?"

 సత్తిపండు తన ఎండు పళ్ళ రాశి దగ్గరికెళ్ళి, వాటిని బుగ్గల్లో కుక్కుకోవడం మొదలుపెట్టాడు. రోజూ అద్దె అందినంత మాత్రాన ఇంట్లోవాళ్ళు చల్లగా ఉన్నారని కాదు. పోలయ్య వాళ్ళు పుచ్చుకుంటారో, మొహం తిప్పుకుంటారో వాడికి తెలీదు. బుగ్గలు నిండాక మద్దిచెట్టు దిగి, అవతలికి దాటడానికి వాగు మీదికి వంగిన కొమ్మకేసి నడిచాడు.