అడ్డాకులో మెడదారాలు

పిల్లల ఇంటికి పిల్లలు రావడం మానేశారు. ఊయలలు ఖాళీగా వేలాడుతున్నాయి. కాచి చల్లార్చిన నీళ్ళు బిందెలో అలాగే ఉన్నాయి.

ఆ ఇల్లు కొండ కింద, కోయగూడేనికి దగ్గరలో ఉంది. తల్లులు కొండ మీది పోడు చేలకు వెళ్ళేటప్పుడు పసివాళ్ళని వదిలి వెళ్ళడానికని పరంధామయ్యగారు చాలా ఏళ్ళ కిందట కట్టించారు. ఆయన దగ్గర సేవ నేర్చుకోవడానికి వకుళ కొత్తగా వచ్చింది. పసిపిల్లల సంరక్షణలో పట్నంలో శిక్షణ పొందిన పిల్ల. వచ్చీ రాగానే పొయ్యి చుట్టూ దడి కట్టించింది, ఫినాయిలు సీసాని అటక ఎక్కించింది. అన్నీ మంచి పనులే. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ ఉదయం ఆమె గురువుగారి ముందుకొచ్చి నిలబడింది. ఆయన అడ్డాకులు ముందేసుకుని విస్తళ్ళు కుడుతున్నారు.

"గూడెం వాళ్ళకి నా మీద కోపమొచ్చింది గురువుగారూ. పిల్లల మెడల్లో దారాలు, పూసలు, వసకొమ్ము ముక్కలు. నిద్రలో ఊయల కొక్కేనికి తగులుకుంటే ఊపిరాడక ప్రాణం పోతుంది. అందుకే పిల్లలు పడుకున్నప్పుడు అందరివీ కత్తిరించేశాను. పిల్లల మంచికే కదా? ఇప్పుడు చంటివాళ్ళని ఎండలో చేలకి మోసుకుపోతున్నారు. మీరైనా ఆ తల్లులకి బుద్ధి చెప్పండి."

"మెడలో దారం ప్రమాదమే," అన్నారాయన. "ఆ దారాలేవి?"

"చెత్తలో వేశాను."

ఆయన చేతిలో పుల్ల పక్కన పెట్టి లేచారు. పెరట్లో చెత్తగుంట దగ్గర గొంతుక్కూర్చుని, బూడిదలోంచి, కూరల తొక్కుల్లోంచి ఒక్కొక్క దారమే ఏరారు. "నేను తీస్తానుండండి" అని వకుళ అంటున్నా వినిపించుకోలేదు. ఏరినవి కడిగి ఒక విస్తరిలో పరిచారు.

"ఇది ఎవరిది?"

వకుళ వంగి చూసింది. "తెలీదండీ."

"ఇది?"

ఆమె దాన్నీ అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ మెడలన్నిటికీ రోజూ నీళ్ళు పోసిందీ, తడి తుడిచిందీ తనే. అయినా ఒక్క దారం కూడా ఆనవాలు పట్టలేకపోయింది.

"పట్టుకో," అని విస్తరి ఆమె చేతుల్లో పెట్టి ఆయన కొండదారి పట్టారు.

చేను దగ్గర ఎండ మాడ్చేస్తోంది. ఇప్పచెట్టు కొమ్మకు కట్టిన చీర ఊయలలో, గూడెంలో ఉండే ఉంగి చంటికూతురు పడుకుని ఉంది. నీడ పక్కకి జరిగిపోయి ఎండంతా పిల్ల ముఖాన పడుతోంది. ఒంటినిండా చెమటకాయలు. పక్క చేలో తగలబెట్టిన పొదల పొగకి దగ్గుతోంది. మన పిల్లల ఇంట్లో ఉంటే దీనికి ఈ బాధ ఉండేదా అనుకుంది వకుళ. ఎవరి వల్ల అక్కడ లేకుండా పోయిందో ఆ వెంటనే గుర్తొచ్చింది.

ఉంగి కొడవలి పట్టుకునే దగ్గరికొచ్చింది. గురువుగారు తలగుడ్డ తీశారు.

"తప్పు మా ఇంట్లో జరిగిందమ్మా," అన్నారు.

వకుళ విస్తరి చాచింది. ఉంగి చెయ్యి తిన్నగా ఒక దారం మీదికే పోయింది. దాని పూసలు వేళ్ళతో తడిమింది. తర్వాత విస్తరంతా వెతికింది.

"నీలిపూస లేదు."

"ఎక్కడో జారిపోయి ఉంటుందక్కా. ఆ రోజు ఇల్లు ఊడ్చేశాను." అంది వకుళ.

"దీని అక్క మెడలోది అది. పోయినేడు జరమొచ్చి పోయింది ఆ పిల్ల. చెల్లిని కాసుకుంటదని మా అమ్మ దీనికి గుచ్చి కట్టింది."

వకుళకి తలెత్తబుద్ధి కాలేదు. ఏం చెప్పినా సాకులాగే ఉంటుందని తెలిసీ చెప్పింది.

"నిద్రలో పిల్ల మెడ బిగుసుకుపోతుందని భయమేసిందక్కా."

ఉంగి ఆమెని వింతగా చూసింది. "అంతేనా? ఆ మాట నాతో అంటే నేనే ఇప్పేదాన్నిగా."

పిల్లని ఎత్తుకుని ఆ దారాన్ని దాని మొలతాడుకి చుట్టి ముడేసింది. క్షణం పట్టలేదు. పిల్లని నీడవైపు జరిపి పడుకోబెట్టి పనిలోకి వెళ్ళిపోయింది. మిగతా తల్లులూ ఒక్కొక్కరే వచ్చి ఎవరి దారం వాళ్ళు తీసుకున్నారు. ఎవరూ తడుముకోలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని వకుళకి అనిపించింది.

ఖాళీ విస్తరి పట్టుకుని ఆమె గురువుగారి వెనకే కొండ దిగింది. గూడెం దాటాక అడిగింది.

"రేపు పిల్లల్ని పంపిస్తారంటారా గురువుగారూ?"

ఆయన ఆగి వెనక్కి తిరిగారు. ముఖంలో కోపం లేదు, ఓదార్పూ లేదు.

"నువ్వయితే పంపుతావా అమ్మాయ్?"