వీరభద్రం చేతిలో బజ్జీ

తెనాలి పోస్టాఫీసులో పానకాలు అని ఒక గుమాస్తా ఉండేవాడు. ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు. ఆ రావడమే ఆయన కొంప ముంచింది.

ఆ రోజుల్లో టాకీసులో ఆదివారం పొద్దుటాటకి హాలీవుడ్ సినిమాలు వేసేవాళ్లు. అన్నీ నలుపు తెలుపువే. పాత బంగళాలు, కిర్రుమనే తలుపులు, టోపీ కిందికి లాక్కున్న మనుషులు. జనానికి బొమ్మ నచ్చేది గానీ మాట అర్థమయ్యేది కాదు. అందుకని పానకాలు హాలు మధ్యలో కూర్చుని, తెరమీద వాళ్లు అన్నది అన్నట్టు తెలుగులో చెప్పేవాడు. చుట్టుపక్కల వాళ్లు ఆయనకి సోడాలు తాగించేవాళ్లు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ఈయన ముందు వారమే గుంటూరు వెళ్లి ఆ సినిమా చూసొచ్చేవాడు. ఇంకేముంది, నోరు ఊరుకోదు. "పిచ్చిపిల్ల మేనమామని నమ్ముతోంది గానీ, హంతకుడు వాడేనర్రా!" అని రెండో రీలుకే బయటపెట్టేసేవాడు.

చూసి చూసి పద్దెనిమిది మంది కలిసి, పానకాలుని హాల్లోకి రానివ్వొద్దని మేనేజరుకి అర్జీ పెట్టారు. మొదటి సంతకం నగల కొట్టు వీరభద్రానిది. మేనేజరు మెత్తని మనిషి. "ఖాసిం సాయిబు గారు కూడా సంతకం చేస్తే అలాగే కానిద్దాం" అని కాగితం పైకి పంపాడు.

ఖాసిం సాయిబు ముప్పై ఏళ్లుగా అక్కడ ప్రొజెక్టరు నడుపుతున్నాడు. పానకాలుకి సినిమా చూడటం నేర్పింది ఆయనే. సంగతి తెలియగానే పానకాలు ఆపరేటరు గది మెట్లు ఒక్క ఊపున ఎక్కేశాడు.

"గురువు గారూ, సంతకం మాత్రం పెట్టకండి. ఆదివారం ఆట లేకపోతే వారమంతా ఎందుకు బతికానో నాకే తెలీదు. అసలు నేను చేసిన తప్పేంటండీ? ముందే తెలిస్తే వాళ్లకి భయం తగ్గుతుందనేగా!"

సాయిబు ఫిలిం చుట్టడం ఆపలేదు. "ఇవాళ్టి బొమ్మ చూశావా నాయనా?"

"రెండుసార్లు."

"అయితే తెర చూడక్కర్లేదు. తెర పక్కన స్టూలు వేయిస్తాను. జనం వైపు తిరిగి కూర్చో. ఆటయ్యాక మాట్లాడదాం."

అని, గేటు కాపలా చిట్టెయ్యని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు.

ఆట మొదలైంది. కాసేపు పానకాలుకి ఏమీ తోచలేదు. తర్వాత తెర వెలుగులో మొహాలు ఒక్కొక్కటే కనపడసాగాయి. ముసలమ్మ ఒకావిడ కొంగు మొహమ్మీద కప్పుకుని, అందులోంచే తొంగి చూస్తోంది. కానిస్టేబులు తన టోపీనే నలిపేస్తున్నాడు. ముందు వరసలో వీరభద్రం మిరపకాయ బజ్జీ నోటిదాకా తెచ్చి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

తెరమీద ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. వీరభద్రం బజ్జీ కదల్లేదు.

తలుపు కిర్రుమంది. బజ్జీ అర అంగుళం ముందుకొచ్చింది. మళ్లీ ఆగింది.

పానకాలు స్టూలు అంచు పట్టుకున్నాడు. తింటాడా? తినడా? వేలు కొరుకుతాడా? తెరమీద దీపం ఆరింది. బజ్జీ వణుకుతోంది. పానకాలుకి ఊపిరాడటం లేదు. జన్మలో ఏ సినిమాకీ ఆయన ఇంత ఇదైపోలేదు.

సరిగ్గా అప్పుడు చిట్టెయ్య చెవి దగ్గరికి వంగాడు. "తినడండీ. ఇప్పుడా అమ్మాయి కేక పెట్టుద్ది. బజ్జీ ఎగిరి కానిస్టేబులు చొక్కా మీద పడుద్ది. ఇలాంటి చోటికొచ్చేసరికి ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎగరేస్తారు."

"నిన్నెవడయ్యా అడిగింది!" పానకాలు పళ్లు కొరికాడు. "నోరు మూసుకుని చూడనివ్వలేవూ?"

తెరమీద అమ్మాయి కెవ్వుమంది. బజ్జీ ఎగిరింది. కానిస్టేబులు చొక్కా మీద పడింది. హాలు హాలంతా లేచి అరిచి, ఆ వెంటనే పడీ పడీ నవ్వింది. ముసలమ్మ కొంగు తీసేసి మరీ నవ్వింది.

పానకాలు ఒక్కడే, పెళ్లి భోజనం అయిపోయాక చేరిన చుట్టంలా, స్టూలు మీద కూర్చున్నాడు.

ఆటయ్యాక మెల్లిగా మెట్లెక్కాడు.

"బాగుందా?" అన్నాడు సాయిబు.

పానకాలు ప్రొజెక్టరు కిటికీలోంచి ఖాళీ హాలు వైపు చూశాడు.

"బాగుండేదండీ" అన్నాడు.

సాయిబు అర్జీ తీసి బల్లమీద పెట్టాడు. పానకాలు దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, పద్దెనిమిది సంతకాల కింద తన సంతకం పెట్టి, తలొంచుకుని నిలబడ్డాడు.

సాయిబు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కోడు కింద దూర్చాడు. బల్ల కదిపి చూశాడు. నిలిచింది.

"వచ్చే ఆదివారం స్టూలు అక్కర్లేదు. జనంలోనే కూర్చో" అన్నాడు. "గుంటూరు మాత్రం వెళ్లకు."