ఐసు లారీ లచ్చి ఎందుకాగింది

ఉండు, ముందు దుప్పటి సరిగ్గా కప్పనీ. చలిగాలి తగిలిందంటే రేపు మళ్ళీ తుమ్ములు. ఆఁ, ఇప్పుడు విను. మధ్యలో ఎందుకు, ఎందుకు అని అడుగుతావని నాకు తెలుసు. అడుగు. ఈ కథలో పని జరిగిందే ఆ ప్రశ్న వల్ల.

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఒక ముసలి లారీ ఉండేది. దాని పేరు లచ్చి. పొద్దున్నే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని, పైన ఊక కప్పుకుని, పది మైళ్ళ అవతల ఉన్న చేపల రేవుకి వెళ్ళేది. ఐసు వస్తేనే చేపలు నిలిచేవి. లేకపోతే ఇసకలోనే కుళ్ళిపోయేవి.

లచ్చిని నడిపేవాడు పైడయ్య. అతని పెళ్ళాం పేరు... అసిరమ్మ అనుకో. ఆ లారీయే వాళ్ళకి కూడు పెట్టేది. పైడయ్యకి కోపం ఎక్కువ, అసిరమ్మకి అనుమానాలు ఎక్కువ. ఇద్దరికీ బాగానే కుదిరిందిలే.

అసిరమ్మకి లచ్చి అంటే ప్రాణం. ప్రతి శుక్రవారం దానికి స్నానం చేయించి, అద్దానికి బొట్టు పెట్టి, దండ వేసేది. అంతటితో ఊరుకుంటుందా? డీజిలు ట్యాంకు అంటే లచ్చి కడుపే కదా! దాని కడుపు చల్లగా ఉండాలని, గడపకి రాసినట్టు ఆ ట్యాంకు మూతకి మందంగా పసుపు రాసేది.

అలా ఉండగా ఒకరోజు లచ్చి దారిలో ఆగిపోయింది. దగ్గింది, వణికింది, ఆగింది. కాసేపు తంటాలు పడ్డాక మళ్ళీ కదిలింది. మర్నాడు ఆగలేదు. ఆ తర్వాత రెండు రోజులకి మళ్ళీ ఆగింది. ఇక్కడే ఆగుతుందని ఒక చోటు లేదు, ఇప్పుడే ఆగుతుందని ఒక వేళ లేదు. ఐసేమో కరిగి రోడ్డంతా కారిపోయేది.

అప్పుడు పైడయ్య ఒక మెకానిక్కుని పిలిచాడు. ఆయన డీజిలులో నలకలున్నాయని ఫిల్టరు మార్చాడు. అయినా లచ్చి ఆగింది. ఆ తర్వాత ఇంకొకాయన వచ్చి, పంపు విప్పి, తుడిచి, బిగించాడు. అయినా ఆగింది. ఆ తర్వాత మూడో ఆయన వచ్చాడు. బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు.

"ముసిల్ది అయిపోనాది బాబూ, ఇంకేటుంది? తుక్కుకి ఇచ్చెయ్," అని టీ తాగి వెళ్ళిపోయాడు.

అసిరమ్మ ఏం చేసింది? జబ్బు పడ్డ పిల్లకి దిష్టి తీసినట్టు, ఆగినప్పుడల్లా మూతకి ఇంకో పొర పసుపు రాసింది.

చివరికి రేవులోవాళ్ళు కబురు పెట్టారు. "మూడు రోజులు చూస్తాం. మూడో రోజుకి కూడా ఐసు సరిగ్గా రాకపోతే వేరే బండి మాట్లాడుకుంటాం," అన్నారు. పైడయ్య మొహం మాడిపోయింది. మూడో రోజు కూడా ఆగితే లచ్చిని తుక్కువాడికి ఇచ్చేస్తానన్నాడు. అసిరమ్మకి ఏడుపొచ్చింది. బాగా ఏడ్చింది. ఏడ్చాక ముక్కు తుడుచుకుని లేచింది.

"రేపు నానూ వత్తాను మావా. ఎందుకాగతందో సూత్తాను."

"ముగ్గురు మెకానిక్కులకి తెలీనిది నీకేటి తెలుత్తాదే?"

"తెలీదు గావట్టే సూత్తానంతన్నాను."

మొదటి రోజు జీడితోటల దగ్గర లచ్చి ఆగింది. డీజిలు ఉందో లేదో అని పైడయ్య మూత తీసి పుల్ల ముంచి చూశాడు. సగానికి ఉంది. మూత పెట్టి, ఇంజను తిప్పితే లచ్చి బయల్దేరింది. కానీ మూత తీసినప్పుడు 'ఉస్స్' అని ఒక చప్పుడు వచ్చింది. పైడయ్య పట్టించుకోలేదు. అసిరమ్మ చెవిలో మాత్రం అది ఉండిపోయింది.

రెండో రోజు ట్యాంకు నిండా డీజిలు పోయించారు. అయినా వంతెన మీద ఆగింది. ట్యాంకు నిండుగా ఉందని తెలుసు కదా, ఈసారి ఎవరూ మూత తియ్యలేదు. అరగంట తిప్పినా కదల్లేదు. ఐసు నీళ్ళు అసిరమ్మ కాళ్ళ మీదే కారుతున్నాయి. అప్పుడామె వెళ్ళి, ఆ చప్పుడు మళ్ళీ వస్తుందేమో అని మూత తిప్పింది. ఉస్స్! ఆ తర్వాత ఇంజను తిప్పితే లచ్చి గుర్రుమంది.

ఎందుకూ? ఇదే ప్రశ్న అసిరమ్మని ఇంటిదాకా తరిమింది. వంటకని కొత్త నూనె డబ్బాకి ఒక కన్నం కొట్టి వంచింది. నూనె గుబుక్కు గుబుక్కుమంది, ఆగిపోయింది. అలవాటుగా మేకు తీసుకుని రెండో పక్క ఇంకో కన్నం కొట్టింది. నూనె ధారగా పడింది. అంతే, మేకు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. మరి లచ్చి కడుపులోకి గాలి ఎటునుంచి పోతుంది?

మూడో రోజు ట్యాంకుకి మూత పెట్టనివ్వలేదు. ట్యాంకు నోటికి పల్చటి గుడ్డ కట్టి, మూతని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైడయ్య దారంతా గొణిగాడు. జీడితోటలు దాటాయి. వంతెన దాటింది. లచ్చి దగ్గలేదు, వణకలేదు. రేవు చేరేసరికి ఐసు దిమ్మల అంచులు కూడా చెరగలేదు. రేవంతా ఒకటే కేకలు.

అసిరమ్మ మాత్రం ఇసకలో కూర్చుని మూత గోకుతోంది. డీజిలు జిడ్డు, దుమ్ము, పసుపు కలిసి అట్టకట్టాయి. గాజుకున్న పిన్నీసు తీసి గుచ్చింది. పెచ్చు ఊడింది. కింద చిన్న కన్నం. లచ్చి గాలి పీల్చుకునేది అందులోంచే.

"నానే మావా... కడుపు సల్లగుండాలని నా సేత్తో నానే దాని ముక్కు మూసేసినాను," అని బావురుమంది.

కోపిష్టి పైడయ్య కోప్పడలేదు. పక్కనే కూలబడ్డాడు. "నువ్వు మూసినావు, నువ్వే తీసినావు. నానైతే అమ్మేద్దును," అన్నాడు.

ఏంటీ, మరి రోజూ ఎందుకు ఆగేది కాదంటావా? శభాష్! పచ్చి పసుపు కన్నాన్ని మూసేసేది. అది ఎండి పగిలితే గాలి దూరేది, బండి నడిచేది. అప్పుడు మళ్ళీ శుక్రవారం వచ్చేది.

ఆ తర్వాత కూడా లచ్చికి పూజ మానలేదు. కాకపోతే ముందు కన్నంలో పిన్నీసు, ఆ తర్వాతే పసుపు, అదీ దూరంగా ఒక్క చుక్క. ఆ పిన్నీసు ఎక్కడుందంటావా? ఇదిగో, నా గాజుకే వేలాడుతోంది చూడు.

అయ్యో, చలి తగలకూడదని దుప్పటి నీ తలమీద దాకా లాగేశానే! ఈ చేతికి ఎప్పటికీ బుద్ధి రాదు. ఏదీ, ఆ బుల్లి ముక్కు బయట పెట్టు. ఊఁ, పీల్చు.

ఐసు చేరె రేవుకి,
కథ చేరె కంచికి,
ముక్కు బయట పెట్టుకుని
నువ్వు చేరు నిద్రకి.