కుడివైపు జేబున్న చొక్కా

కాకినాడలో ఒక పుస్తకాల కొట్టులో మురహరి అనే కుర్రాడు పనిచేసేవాడు; చాలా మంచివాడే గానీ, కళ్ల ముందున్నదాన్ని వదిలేసి లేనిదాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. ఎక్కాల పుస్తకం అడిగినవాళ్లకు పంచాంగం కట్టి ఇచ్చేవాడు. "ఏ లోకంలో ఉన్నావురా?" అని యజమాని కేకేస్తే, సిగ్గుపడి నవ్వేవాడు.

అతనికి పెళ్లి కుదిరింది. అమ్మాయి పేరు కస్తూరి. పెళ్లిచూపుల రోజున మురహరి తలెత్తనే లేదు. కాఫీ గ్లాసులో నురగను చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఒక్కసారి కళ్లెత్తితే, తలుపు చాటుకు జారిపోతున్న పొడవాటి పూలజడ కనిపించింది. అంతే. ఆ జడ కొస పట్టుకుని మిగిలిన అమ్మాయినంతా తనే అల్లుకున్నాడు. పెద్ద పెద్ద కళ్లు పెట్టాడు. వెన్నెల రంగు పూశాడు. నెమలికంఠం రంగు చీర కట్టాడు. రెండు చేతులకూ నిండుగా గాజులు తొడిగాడు.

"కస్తూరి వాళ్ల నాన్న బట్టలు కుడతాడురా. ఆ పిల్లకీ ఎంత పనితనమో తెలుసా..." అని అమ్మ చెబుతూ ఉంటే, అతను కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ ఊఁ కొట్టేవాడు.

పెళ్లి దగ్గరపడింది. కస్తూరికి ఏదైనా బహుమతి ఇవ్వాలని మురహరికి అనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కప్పు బజారుకు వెళ్లాడు.

కప్పు బజారంటే ఒకే పెద్ద కప్పు కింద ఒదిగిన బోలెడు కొట్లు. ఆ కప్పులో అక్కడక్కడ రంగు అద్దాలు ఉండేవి. ఎండ వాటిలోంచి దిగి ఒకచోట ఎర్రగా, ఒకచోట నీలంగా, ఇంకోచోట పసుపుగా నేలమీద పరుచుకునేది. ఎరుపులోకి వచ్చిన ప్రతి అమ్మాయీ పెళ్లికూతురిలా మెరిసేది. నీలంలోకి వెళ్లినవాళ్లు నీళ్లలో చేపల్లా కదిలేవాళ్లు. అద్దాలు కుట్టిన లంగాలు, కలంకారీ దుప్పట్లు, లక్క భరిణెలు, పూసల దండలు, గాలికి ఊగే జరీ అంచులు. అత్తరు వాసన, కొత్త బట్టల వాసన. మురహరి నడవడం లేదు, తేలుతున్నాడు.

చీరల కొట్టులో గుబురు మీసాలాయన ఒక నెమలికంఠం రంగు ఉప్పాడ చీరను తన భుజం మీదే వేసుకున్నాడు. కుచ్చిళ్లు పట్టుకుని, నడుం కొంచెం ఒంచి, "మీ ఆవిడకి ఇలా ఉంటుందండీ!" అన్నాడు.

మురహరికి మీసాలు కనిపించలేదు. చీరలోంచి కస్తూరి నవ్వుతోంది.

"కట్టేయండి," అన్నాడు.

అక్కడినుంచి గాజుల మస్తానమ్మ కొట్టుకు వెళ్లాడు.

"చెయ్యి కొలతేది బాబూ? ఆ పిల్ల పాత గాజు తెచ్చావా?" అంది మస్తానమ్మ.

"లేదండీ."

"పోనీ, దారం ముక్కతో కొలిచి తెచ్చావా?"

"లేదండీ. చాలా నాజూకైన చెయ్యి."

"ప్రతి పెళ్లికొడుకూ ఆ మాటే అంటాడు. తీరా ఎక్కకపోతే పగిలేవి నా గాజులే!"

పక్క కొట్టులో ఒకమ్మాయి బొత్తాలు ఏరుతోంది. కళ్లజోడు, ముడి వేసుకున్న జుట్టు, మామూలు నేత చీర. చంకలో కాగితం పొట్లం. మురహరి ఆమెను పిలిచాడు.

"ఏమండీ, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి మీ చెయ్యి కొలత ఇస్తారా? నేను చేసుకోబోయే అమ్మాయికి గాజులు కొంటున్నాను."

ఆమె తలతిప్పి చూసింది. ఆమె కస్తూరే!

పెళ్లిచూపుల రోజున ఆమె కళ్లజోడు తీయించింది మేనత్త. సవరం పెట్టి జడను పొడుగు చేసిందీ ఆవిడే. కానీ లోపలికి వెళ్లగానే కస్తూరి కళ్లజోడు పెట్టుకుని, తలుపు సందులోంచి అతన్ని తనివితీరా చూసుకుంది. అందుకే ఇప్పుడు వెంటనే గుర్తుపట్టింది. అతను తనను ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వుతూ చెయ్యి చాచింది. అతని మొహం చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది. అతను ఆటపట్టించడం లేదు.

మస్తానమ్మ గాజులు ఎక్కిస్తోంది.

"ఎలా ఉంటుందేమిటి మీ అమ్మాయి?" అని అడిగింది కస్తూరి.

"పొడవాటి జడండీ. నేలను తాకుతుందేమో!"

"కళ్లజోడు పెట్టుకుంటుందా?"

"అబ్బే! అలాంటి కళ్లకు కళ్లజోడా?"

"రోజంతా ఏం చేస్తుంది?"

"కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. నా కోసం ఎదురుచూస్తూ."

"అన్నం కూడా తినకుండానా? పాపం!" అంది కస్తూరి. మస్తానమ్మ కిసుక్కున నవ్వింది.

మురహరి గాజుల మెరుపే చూస్తున్నాడు. వాటి కింద ఉన్న చేతిని చూడలేదు.

"ఇన్ని గాజులు ఉంటే కుట్టు మిషను దగ్గర అడ్డం కదండీ?" అని కస్తూరి చివరిసారిగా అడిగింది.

"ఏం మిషను?" అన్నాడు మురహరి.

కస్తూరి గాజులన్నీ తీసేసింది. చంకలోని పొట్లం అతని చేతిలో పెట్టింది.

"ఆ పొడుగు జడ అమ్మాయి ఎక్కడైనా దొరికితే ఆవిడనే చేసుకోండి. నేను కస్తూరిని. పెళ్లి వద్దని మా నాన్నగారికి నేనే చెబుతాను. ఈ పొట్లం మాత్రం మీకోసం చేసిందే, ఉంచుకోండి."

ఆమె జనంలో కలిసిపోయింది.

మురహరి గుండె ఝల్లుమంది. పొట్లం విప్పాడు. లోపల తెల్లటి చొక్కా ఉంది. బొత్తాలు ఇంకా కుట్టలేదు. జేబు కుడివైపు ఉంది.

అతను ఆ జేబును అలాగే చూస్తూ నిలబడ్డాడు. మురహరిది ఎడమచేతి వాటం. లోకంలో చొక్కాలన్నిటికీ జేబు ఎడమవైపే. కలం తీయాలన్నా, రుమాలు తీయాలన్నా మోచెయ్యి వెనక్కి విరిచి నానా తిప్పలూ పడేవాడు. అమ్మ ఎప్పుడూ గమనించలేదు. జేబు కుడివైపు పెట్టించుకోవచ్చని అతనికే ఎప్పుడూ తోచలేదు. పెళ్లిచూపుల రోజున చెమట తుడుచుకోడానికి రుమాలు కోసం అలాగే పెనుగులాడాడు. దాన్ని తలుపు సందులోంచి ఒక్క మనిషి చూసింది.

"అలా బొమ్మలా నిలబడతావేంటి బాబూ? పరిగెత్తు!" అంది మస్తానమ్మ.

మురహరి పరిగెత్తాడు. ఎర్రటి వెలుగులో ఒక అమ్మాయి మెరిసింది. ఆమె కాదు. నీలం వెలుగులో ఇంకో అమ్మాయి తేలుతూ వెళ్లింది. ఆమె కూడా కాదు. ఇప్పటిదాకా ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. అతనికి ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్కొక్క మొహాన్నీ నిజంగా చూసుకుంటూ వెళ్లాడు.

బజారు గుమ్మం దాటితే రంగు అద్దాలు లేవు. మామూలు ఎండ. ఆ ఎండలో కస్తూరి చీర చెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"నాకు తెలియలేదండీ," అన్నాడు మురహరి రొప్పుతూ.

"చూస్తే కదా తెలియడానికి!"

అతను చూశాడు. నుదుటి మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు చూశాడు. ముక్కు మీద కళ్లజోడు నొక్కిన గుర్తులు చూశాడు. కళ్లజోడు పట్టుకున్న వేళ్ల కొసల్లో సన్నటి సూదిపోట్లు చూశాడు.

"నొప్పిగా ఉంటుందా?" అని నెమ్మదిగా అడిగాడు.

కస్తూరి కళ్లజోడు పెట్టుకుని అతన్ని పరీక్షగా చూసింది. అతను వెళ్లిపోలేదు, మబ్బుల్లోకీ చూడలేదు. జవాబు కోసం ఆగాడు.

"కుట్టేటప్పుడు ఉండదు. చింతపండు పిసికినప్పుడే భగ్గుమంటుంది," అంది.

"అయితే మనింట్లో చింతపండు నేను పిసుకుతాను."

"చారు పెట్టడం వచ్చా?"

"రాదండీ. పిసకడం వచ్చు."

కస్తూరికి నవ్వాగలేదు. నవ్వితే ముందుపన్ను ఒకటి కొంచెం వంకరగా కనిపించింది. అతని కలలో ఆ పన్ను లేదు. కల చిన్నబోయింది.

"ఆ చంకలో ఏమిటి?" అంది కస్తూరి.

"నెమలికంఠం రంగు చీర. కొట్టాయన కట్టుకుని చూపిస్తే బాగుందని..."

"నాకు గోధుమరంగు ఇష్టం. అది ఆ కొట్టాయనకే ఇచ్చేసి రండి, ఆయనకు నప్పింది కదా! అలాగే ఆ చొక్కా ఇటివ్వండి, బొత్తాలు కుట్టాలి."

"మరి మీ నాన్నగారికి పెళ్లి వద్దని..."

"పెళ్లికి తొడుక్కునే చొక్కా బొత్తాలు లేకుండా ఎలా ఇస్తానండీ?" అంది కస్తూరి, చెయ్యి చాచి.

మనకు ఇష్టమైనవాళ్ల గురించి ఎంత అందమైన కలైనా కనవచ్చు, కానీ ముందు వాళ్లను కళ్లారా చూడాలి. అలా శ్రద్ధగా చూడటమే మనం వాళ్లకు ఇవ్వగల మొదటి బహుమతి.