పనసకాయా, మూడు గ్రాఫిక్స్ కార్డులూ

ఎప్పటి మాటో చెప్పలేం గానీ, గున్నేశ్వరం రాజుకు కంప్యూటర్ ఆటల పిచ్చి. యుద్ధం రసపట్టులో ఉండగా బొమ్మ ఆగి ఆగి కదిలేది. పాత ప్రాసెసర్‌ను ఎంపిక చేసింది మంత్రే. అందుకని మంత్రి దాని జోలికి పోకుండా, ప్రతిసారీ ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెప్పించేవాడు. మూడోదీ అలాగే నత్తనడక నడిచేసరికి, దాన్ని బిగించిన మరిడమ్మను ఖైదులో వేయమన్నాడు రాజు.

"అలాగే ప్రభూ. ముందు మీకిష్టమైన పనసపొట్టు కూర వండించి పోతాను. పొట్టు కొట్టే పని మాత్రం మంత్రిగారికి ఇప్పించండి," అంది మరిడమ్మ.

కూర పేరు వినగానే రాజు సరేనన్నాడు.

మధ్యాహ్నం దాటినా విస్తట్లోకి ఏమీ రాలేదు. "వంటవాణ్ణి మార్చండి," అన్నాడు రాజు.

"ఇప్పటికి ముగ్గుర్ని మార్చాం ప్రభూ. నూనె కాచుకుని ముగ్గురూ ఖాళీగా కూర్చున్నారు. పొట్టు అందితేగా వండడానికి," అంది మరిడమ్మ.

రాజు వంటింట్లోకి తొంగిచూశాడు. మంత్రి చేతులనిండా జిగురుతో కాయకేసి గుర్రుగా చూస్తున్నాడు.

"నా కార్డులూ ఇలాగే కూర్చున్నాయంటావా?"

"ప్రాసెసర్ అందిస్తేగా ప్రభూ, అవి బొమ్మ గీయడానికి."

సాయంత్రానికి కొత్త ప్రాసెసర్ వచ్చింది. మొదటి కార్డుతోనే ఆట ఏరులా సాగింది. ప్రాసెసర్ ఎంపికకు మంత్రిని పిలవలేదు. ఆయనకింకా సగం కాయ మిగిలే ఉంది.